కొనేముందు ఒక సెప్టెంబరు గడపండి

డల్లాస్ నుంచి రాసిన దంపతులకు,

క్రిస్మస్ సెలవుల్లో మెక్సికో పసిఫిక్ తీరంలోని పుయెర్తో ఎస్కోందీదో వచ్చి వారం రోజులున్నామని, సముద్రానికి రెండు వీధుల అవతల పన్నెండు గదుల హోటల్ అమ్మకానికి ఉందని, అక్కడి ఇల్లు అమ్మి ఆ డబ్బు ఇందులో పెడదామనుకుంటున్నామని రాశారు. హోటల్ మంచిదో కాదో నేను చూడలేదు కాబట్టి చెప్పలేను. మీరు చూసిన నెల మాత్రం మంచిది కాదు. డిసెంబరులో ఈ ఊరిని చూసి కొనకుండా వెళ్లడం కష్టం. వానలు పోయి ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది, చలి దేశాల నుంచి వచ్చినవాళ్లతో గదులన్నీ నిండి ఉంటాయి. అమ్మేవాళ్లు అందుకే డిసెంబరులో చూపిస్తారు.

సెప్టెంబరులో రండి. తడి గాలికి దుప్పట్లు ఆరవు, గోడల మూలల్లో బూజు కనిపిస్తుంది, దోమలూ వాటితోపాటు డెంగీ భయమూ ఉంటాయి. చాలా తినుబండారాల కొట్లు కొన్ని వారాలు తలుపులు మూసేస్తాయి. మా హోటల్లోనూ ఆ నెలలో రెండు మూడు గదులు నిండితే గొప్ప. జీతాలు, కరెంటు, నీళ్లు, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగవు. మీరు పంపిన లెక్కలో పన్నెండు నెలలూ ఒకే ఆదాయం వేసుకున్నారు. దాన్ని పక్కన పెట్టి మళ్లీ రాయండి. డిసెంబరు నుంచి ఈస్టరు దాకా ఒక పద్దు, జులై ఆగస్టులకు ఒకటి, మిగిలిన నెలలకు ఒకటి. మూడో పద్దు చూశాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో దారి ఉంది. నడుస్తున్న హోటల్‌ను లీజుతో సహా చేతులు మార్చుకోవడం ఇక్కడ మామూలే, దాన్ని త్రస్పాసో అంటారు. సామాను, పేరు, వచ్చే బుకింగులు మీవవుతాయి. భవనం పాత యజమానిదే. ఒక ఏడాది అలా నడిపితే ఈ పని మీకు పడుతుందో లేదో తేలుతుంది. పడకపోతే నష్టం ఒక ఏడాదితో పోతుంది.

మీకు హోటల్ చూపించిన దళారి ‘ఫిదెయికోమీసో పెట్టుకుంటే చాలు’ అన్నాడని రాశారు. 1917 నాటి రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్లు, సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల విదేశీయుల పేరిట నేరుగా భూమి ఉండకూడదు. అందుకని ఫిదెయికోమీసో, అంటే బ్యాంకు ట్రస్టు పెట్టుకుంటారు. కాగితం మీద యజమాని బ్యాంకు, హక్కులన్నీ మీవి. అమ్మవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు, పిల్లలకు రాయవచ్చు. గడువు 50 ఏళ్లు, ఆపైన పొడిగించుకోవచ్చు. ఏటా బ్యాంకుకు రుసుము కట్టాలి. సొంతానికి ఇల్లు కొనుక్కునేవాళ్లకు అది సరిపోతుంది. మీది వ్యాపారం. మీరిద్దరూ వాటాదారులుగా మెక్సికన్ కంపెనీ పెట్టి, నివాసానికి కాని ఆస్తిని దాని పేరిట నేరుగా కొనడానికి 1993 విదేశీ పెట్టుబడుల చట్టం వీలిస్తుంది. అయితే కంపెనీ అన్నాక ప్రతి నెలా పన్ను లెక్కలు దాఖలు చేయాలి, గది ఖాళీగా ఉన్న నెల కూడా. రెండింటిలో మీకు ఏది లాభమో పన్నుల లెక్క తెలిసిన కొంతాదోర్‌ను, అంటే ఇక్కడి ఆడిటరును అడగండి. దళారికి ఆ లెక్కతో పని లేదు.

అసలు అడగవలసిన ప్రశ్న మీ ఉత్తరంలో లేదు. ఆ భూమి ఏ రకం? మెక్సికో విప్లవం తర్వాత రైతులకు ఉమ్మడిగా పంచిన ఎహీదో భూములు, అంతకన్నా పాత ఊరుమ్మడి భూములు ఈ తీరంలో చాలా ఉన్నాయి. ఎహీదో భూమిని సొంత ఆస్తిగా మార్చుకునే దారి 1992 సవరణతో వచ్చింది గానీ, మార్చనివి ఎన్నో అలాగే ఉన్నాయి. వాటిని తెల్ల కాగితాల మీద, గ్రామ కమిటీ సంతకాలతో విదేశీయులకు అమ్మేవాళ్లు ఉన్నారు. మన దగ్గర అసైన్డ్ భూమి కొని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను మీరు చూసే ఉంటారు కాబట్టి ఇంతకన్నా వివరించను. ధర పక్క స్థలం కన్నా సగానికి సగం తక్కువ ఉందంటే కారణం సాధారణంగా ఇదే. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఆ ఆస్తి నమోదై ఉందా, దాని మీద అప్పులు లేవన్న ధ్రువపత్రం ఉందా అని నొతారియో చూసి చెప్పాలి. కోర్టు బయట బల్ల వేసుకుని ముద్రలు వేసే మన నోటరీలను తలచుకుని ఆయన్ను తేలిగ్గా తీసుకోకండి. రాష్ట్రం నియమించిన అనుభవజ్ఞుడైన న్యాయవాది, ఆయన సంతకం లేకుండా ఇక్కడ ఆస్తి చేతులు మారదు. నొతారియోను మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్లు చూపించినవారి దగ్గరికి వెళ్లకండి.

హోటల్ రెండు వీధుల వెనక ఉందని మీరు కాస్త బాధపడ్డారు. నాకు అదే నచ్చింది. అలల ఎగువ గీత నుంచి 20 మీటర్ల పట్టీ ప్రభుత్వానిది, దాన్ని వాడుకోవడానికి అనుమతి పొందడమే తప్ప కొనడం ఉండదు. పైగా ఉప్పుగాలి అక్కడ తాళాలను, ఏసీ పైపులను, కిటికీ మేకులను బతకనివ్వదు.

తుఫానుల గురించి ఒక్క వాక్యంలో అడిగారు. పసిఫిక్ వైపు తుఫానుల కాలం మే 15 నుంచి నవంబరు 30 దాకా. 2022 మే 30న అగాథా ఈ తీరానే, పుయెర్తో ఆంహెల్‌కు దగ్గరలో ఒడ్డు దాటింది. 2023 అక్టోబరులో ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుఫాను నుంచి అన్నిటికన్నా తీవ్రమైన ఐదో శ్రేణికి పెరిగి అకపుల్కోను కొట్టింది. ఖాళీ చేయడానికి కూడా వ్యవధి దొరకలేదు. హుద్‌హుద్ రోజున విశాఖలో ఉన్న మావాళ్లు ఆ దృశ్యాలు టీవీలో చూసి నాకు ఫోను చేశారు. బీమా తీసుకునేటప్పుడు గాలి, వరద, సముద్రపు ఉప్పెన మూడూ విడివిడిగా రాసి ఉన్నాయా చూడండి. తుఫాను తర్వాత కార్డు మిషను పనిచేయదు, కాబట్టి ఆ నెలల్లో రెండు వారాల ఖర్చుకు నోట్లు ఇంట్లో ఉంచుకోండి. తాటాకు లాంటి ఆకుతో కప్పిన అందమైన పలాపా పైకప్పు ఫొటోలకు బాగుంటుంది. దాని మరమ్మతు ఎంతో అడిగాక ధర మాట్లాడండి.

మీ లెక్కలో ఇంకో లోటు. గదికి ఇద్దరని వేసుకున్నారు, వచ్చేవాళ్లందరూ విదేశీయులేనని అనుకున్నారు. మా రాష్ట్ర రాజధాని వహాకా నగరం నుంచి ఇక్కడికి కొత్త రహదారి 2024 ఫిబ్రవరిలో తెరిచారు. అంతకుముందు కొండ మలుపుల్లో ఆరేడు గంటలు పట్టే ప్రయాణం ఇప్పుడు మూడు గంటల లోపే. శుక్రవారం సాయంత్రం బయల్దేరి అమ్మమ్మ, మేనత్త, పిల్లలతో సహా కార్లలో దిగే కుటుంబాలు పెరిగాయి. వాళ్లకు పెద్ద గది, నాలుగు మంచాలు, కారు పెట్టుకునే చోటు కావాలి. యోగా అరుగు అక్కర్లేదు. పవిత్ర వారంలో, అంటే ఈస్టరు ముందు, ఊరంతా వాళ్లే. ఆ రోజుల్లో నీళ్ల ట్యాంకరు సమయానికి రాదు, వచ్చినా ధర మారిపోతుంది. పన్నెండు గదులకు నేల కింద తొట్టె ఎంత పెద్దదో చూశారా?

ఇక మనుషుల విషయం. అమెరికాలో పటేళ్ల మోటళ్ల లాగా మేమే అన్నీ చూసుకుంటాం, ఒక వంటమనిషిని గుంటూరు నుంచి తెచ్చుకుంటాం అన్నారు. ఇక్కడ అది కుదరదు, కుదిరినా మంచిది కాదు. సంస్థలో పనిచేసేవాళ్లలో కనీసం 90 శాతం మెక్సికన్లే ఉండాలని కార్మిక చట్టం చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచండి. ఇంత చిన్న ఊళ్లో కొత్తగా వచ్చినవాళ్లు ఎవరిని పనిలో పెట్టుకున్నారు, వాళ్లను ఎలా చూస్తున్నారన్నది బజారులో చేపలమ్మే ఆవిడకు కూడా తెలుస్తుంది. మా గదులు శుభ్రం చేసే ఆవిడ అన్నదమ్ముల్లో ఒకరు ప్లంబరు, మరొకరు ట్యాంకరు నడుపుతారు. పవిత్ర వారంలో మాకు నీళ్లు ఎలా వస్తాయో మీకు అర్థమై ఉంటుంది.

పనిలో చేరిన వెంటనే సామాజిక భద్రతలో పేరు నమోదు చేయించండి. ‘నాకు అక్కర్లేదు, ఆ డబ్బు చేతికివ్వండి’ అని కొందరు అడుగుతారు, ఒప్పుకోకండి. డిసెంబరు 20 లోపు కనీసం పదిహేను రోజుల జీతం అగినాల్దోగా, అంటే ఏడాది చివర చట్టప్రకారం ఇవ్వవలసిన సొమ్ముగా ఇవ్వాలి. దాన్ని బోనసు అనుకుని బేరమాడితే అక్కడితో మీ పరువు పోతుంది. 2023 నుంచి తొలి ఏడాది నిండినవాళ్లకు పన్నెండు రోజుల సెలవు, ఆ రోజుల జీతం మీద 25 శాతం అదనం. లాభంలో పది శాతం ఉద్యోగులకు పంచాలి. సరైన కారణం లేకుండా తీసేస్తే మూడు నెలల జీతంతో మొదలయ్యే పరిహారం. వీటిని భారం అనుకునేవాళ్లు ఇక్కడికి రాకపోవడమే మేలు. నవంబరు 1, 2 తేదీల్లో పితృదేవతలను పిలుచుకునే పండుగ, డిసెంబరు 12న గ్వాదలూపే మాత పండుగ. ఆ రోజుల్లో పనికి రమ్మని అడగకండి, ముందే వంతులు వేసుకోండి. దుకాణంలోకి అడుగుపెట్టగానే పలకరింపు, ఆ తర్వాతే అవసరం. డల్లాస్ అలవాటుతో నేరుగా ధర అడిగితే వస్తువు ఇస్తారు గానీ రెండోసారి మిమ్మల్ని గుర్తుపెట్టుకోరు.

స్పానిష్ గురించి ‘ఫోనులో అనువాదం ఉందిగా’ అన్నారు. రాత్రి రెండింటికి పై గదిలో పైపు పగిలితే ఫోను తీసి మాట్లాడుతూ కూర్చోలేరు. రావడానికి ముందు ఆరు నెలలైనా నేర్చుకోండి.

కాగితాల్లో మీకు ప్రత్యేకంగా చెప్పవలసింది గ్రీన్ కార్డు సంగతి. దాంతో మెక్సికోకు వీసా లేకుండా రావచ్చు, గరిష్ఠంగా 180 రోజులు. కానీ సందర్శకులుగా వచ్చి హోటల్ నడపకూడదు. అక్కడి మెక్సికన్ కాన్సులేటులో తాత్కాలిక నివాస వీసాకు దరఖాస్తు చేసి, వచ్చిన 30 రోజుల లోపు ఇక్కడి వలస కార్యాలయంలో కార్డు పని మొదలుపెట్టాలి. పనిచేసే అనుమతి వేరు, అదీ అడగండి. నాలుగేళ్ల తర్వాత శాశ్వత నివాసం వస్తుంది. మరోవైపు, అమెరికా వదిలి ఇక్కడే ఉండిపోతే గ్రీన్ కార్డు నిలవడం కష్టం. రెండేళ్ల దాకా కాపాడే రీఎంట్రీ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. గ్రీన్ కార్డు ఉన్నన్నాళ్లూ ఇక్కడి ఆదాయం అక్కడి పన్ను లెక్కలోనూ చూపాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే బయల్దేరకముందే సరిచేయించుకోండి. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు కలిసిపోయి ఉండేవి. ప్రతి కార్యాలయంలోనూ ఆయనకు ఒక కొత్త పేరు పెట్టారు. పెళ్లి పత్రం, పుట్టిన పత్రాలు భారతదేశంలో అపొస్టీల్, అంటే విదేశాల్లో చెల్లే ప్రభుత్వ ధ్రువీకరణ, చేయించి తెచ్చుకోండి, అనువాదం ఇక్కడి అధికారిక అనువాదకులే చేయాలి.

భద్రత గురించి భయపడుతూ అడిగారు. మెక్సికో అంతా ఒకటి కాదు, రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా ఉంది. అమెరికా ప్రభుత్వ హెచ్చరికలు కూడా రాష్ట్రాల వారీగానే ఉంటాయి, వహాకాకు ఏముందో చదవండి. ఊరి బయట రాత్రి కారు నడపకండి. రౌడీల బలవంతపు వసూళ్ల బెడద ఉందా అని ఆ వీధిలోని మిగిలిన హోటళ్లవాళ్లను ఒక్కొక్కరినే అడగండి, అమ్మేవాళ్ల ముందు కాదు.

తిండికి దిగులు పడకండి. చింతపండు కాయలతో సహా దొరుకుతుంది. ఒకప్పుడు మనీలా నుంచి వచ్చిన స్పానిష్ ఓడల మీద ఈ తీరానికి చేరిన చెట్టు అది. మిరపకాయ ఇక్కడి నుంచే మనకు వచ్చింది గనక ఆ లోటు అసలే లేదు. బజారులో ఎర్రగా ఎండబెట్టి అమ్మే ‘హమైకా’ పువ్వులు మన ఎర్ర గోంగూర మొక్కవే. ఈ తీరపు రైతులు పువ్వు కోసుకుని ఆకు వదిలేస్తారు. అడిగితే నవ్వుతూ సంచి నింపి ఇస్తారు. మీలో ఒకరు శాకాహారులన్నారు: మాంసం వద్దంటే కోడి వేసి తెస్తారు, బియ్యం కోడి రసంలో ఉడికి ఉంటుంది, చిక్కుడు గింజల్లో పంది కొవ్వు ఉండవచ్చు, అందుకని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. కందిపప్పు మెక్సికో సిటీ నుంచి తెప్పించుకోవాలి. ఇండియాకు ఫోను ఇక్కడి ఉదయం ఏడింటికి చేయండి, అక్కడ సాయంత్రం ఆరున్నర. రాత్రి భోజనమయ్యాక చేస్తే అక్కడ అందరూ ఆఫీసుకు పరుగెడుతుంటారు.

ఇండియా నుంచి గ్రైండరు తేకండి. ఇక్కడి కరెంటు 127 వోల్టులు, 60 హెర్ట్జ్. మీ డల్లాస్ గ్రైండరు పనిచేస్తుంది, అదే తెచ్చుకోండి. పచ్చడికైతే బజారులో మోల్కహేతె అనే నల్లరాతి రోలు దొరుకుతుంది. కాస్త బరువైనది, గరుకుగా ఉన్నది చూసి తీసుకుని, వాడేముందు నానబెట్టిన బియ్యం వేసి రెండు మూడు సార్లు నూరి పారేయండి, లేకపోతే మొదటి పచ్చడిలో ఇసుక తగులుతుంది.