వానాకాలపు హిమాలయ యాత్రకు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగులం. నెలకు చేతికి నాకు ₹55,000, మావారికి ₹85,000 వస్తాయి. ఇంటి రుణం వాయిదా ₹38,000, ఇంటి ఖర్చు ₹40,000, మా అత్తగారి మందులకు, వైద్యానికి ₹8,000, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడికి) ₹20,000 పోతున్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ₹4 లక్షలు ఉన్నాయి. వచ్చే నెల మావారికి ₹40,000 ఇన్సెంటివ్ రావాలి. జులైలో బయలుదేరి 40 రోజుల పాటు, వీపున సంచి తగిలించుకుని సిమ్లా, సాంగ్లా, కాజా, మనాలి, లేహ్, మెక్లియోడ్‌గంజ్ తిరిగి రావాలన్నది మా కోరిక. కొండల్లో వాన చూడాలని నాకు మరీ ఇష్టం. పైగా ఆ రోజుల్లో గదులు సగం ధరకే దొరుకుతాయట. ఇద్దరికీ కలిపి రోజుకు ₹3,000, ప్రయాణాలకు ₹60,000 వేసుకుంటే ₹1,80,000 అవుతోంది. సెలవులు చెరి 16 ఉన్నాయి. బ్యాంకు యాప్‌లో పర్సనల్ లోన్ సిద్ధంగా కనిపిస్తోంది. అది తీసుకోమంటారా, డిపాజిట్‌లోంచి తీయమంటారా?

జవాబు: రెండూ వద్దు. అలాగని యాత్ర మానుకోమనీ చెప్పను. 40 రోజులను 23 రోజులకు కుదించుకుంటే అప్పు లేకుండా, డిపాజిట్ ముట్టుకోకుండా ఈ జులైలోనే వెళ్లి రావచ్చు.

ముందుగా మీ లెక్కలో కనిపించని ఖర్చు ఒకటి ఉంది. 40 రోజుల్లో సుమారు 28 పనిదినాలు వస్తాయి. ఉన్న సెలవులు పోగా చెరి 12 రోజులకు జీతం కోత పడుతుంది. మీ ఇద్దరి జీతం కలిపి రోజుకు దాదాపు ₹4,670 కాబట్టి ఆ కోతే ₹56,000 అవుతుంది, అంటే యాత్ర అసలు ఖరీదు ₹1,80,000 కాదు, ₹2,36,000. జీతం లేని సెలవుల మధ్య వచ్చే శని, ఆదివారాలను కూడా సెలవులుగానే లెక్కించే సంస్థలు ఉన్నాయి. మీ హెచ్‌ఆర్ విభాగం ఆ పద్ధతి పాటించేదైతే ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

పర్సనల్ లోన్ విషయానికి వస్తే, ₹1,80,000 మీద 14 శాతం వడ్డీతో రెండేళ్ల గడువు పెట్టుకున్నా నెలకు సుమారు ₹8,640 వాయిదా పడుతుంది, వడ్డీ కిందే ₹27,400 దాకా కడతారు. ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్‌టీ వేరే. యాప్‌లో సిద్ధంగా కనిపించడమంటే మీకు ఆ అప్పు అవసరమని బ్యాంకు తేల్చినట్టు కాదు, మీ జీతం మీద నమ్మకంతో అమ్మజూపుతోందని మాత్రమే. ఇక డిపాజిట్ సంగతి. ఉద్యోగం పోయినా ఆగని ఖర్చులు మీకు నెలకు ₹86,000 ఉన్నాయి. ఆరు నెలలకు సరిపడా నిధి అంటే ₹5,16,000 ఉండాలి, మీ దగ్గర ఉన్న ₹4 లక్షలు ఇప్పటికే దానికి తక్కువ. అందులోంచి ₹1,80,000 తీస్తే మిగిలేది రెండున్నర నెలల ఊపిరి. వైద్యం అవసరమున్న పెద్దావిడ ఇంట్లో ఉండగా ఆ సాహసం వద్దు.

గదుల ధర గురించి మీరు విన్నది నిజమే, కానీ సగమే నిజం. సిమ్లాలో, మనాలిలో, మెక్లియోడ్‌గంజ్‌లో జులై, ఆగస్టుల్లో అద్దెలు తగ్గుతాయి. లేహ్‌లో మాత్రం అవే నెలలు అసలైన సీజన్, అక్కడ బేరం నడవదు. రుతుపవన మేఘాలు ధౌలాధార్, పీర్ పంజాల్ శ్రేణుల దక్షిణపు వాలుల మీద కురిసి, అవతలనున్న లడఖ్‌కు (లేహ్ ఉన్నది ఇక్కడే), కాజా ఉన్న స్పితికి చేరేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. కాబట్టి వాన ఉన్నచోట గది చౌక, వాన లేనిచోట గది ప్రియం. సిమ్లాలో గది మీద మిగిలే నాలుగైదు వందలు, దారి మూసుకుపోయి ఒక్కరోజు చిక్కుకుపోతే చాలు, చేతినుంచి జారిపోతాయి.

దారులు మూసుకుపోవడం అక్కడ అరుదైన విషయం కాదు. 2023 జులైలో బియాస్ నది పొంగి మండి, మనాలి మధ్య జాతీయ రహదారిని చాలాచోట్ల కోసేసింది. మరుసటి నెల సిమ్లా దగ్గర సమ్మర్ హిల్‌లో కొండచరియ విరిగిపడినప్పుడు కాల్కా–సిమ్లా రైలు పట్టాల కింద నేల కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి, ఆ మార్గంలో రైళ్లు వారాల తరబడి పూర్తిగా నడవలేదు. 2025 ఆగస్టులో మనాలి రహదారి మళ్లీ తెగింది. సాంగ్లా లోయలో 2021 జులైలో రాళ్లు దొర్లిపడి తొమ్మిది మంది పర్యాటకులు చనిపోయారు. అందుకే సాంగ్లాను, సిమ్లా నుంచి అదే వైపు దారిలో ముందుకున్న కాజాను సెప్టెంబరు చివరికి వాయిదా వేసుకోమంటాను. లడఖ్‌కూ పూర్తి పూచీ లేదు, 2010 ఆగస్టులో లేహ్ మీద కుంభవృష్టి విరుచుకుపడింది. కాకపోతే అక్కడ అది అరుదు.

మిగిలిన ఊళ్ల క్రమాన్ని డబ్బు దృష్టితో చూడండి. వాన పడే ఊళ్లను మొదట పెట్టుకుని, కాల్కా నుంచి సిమ్లా, అక్కడి నుంచి మనాలి, అటల్ సొరంగం దాటి కేలాంగ్, చివరికి లేహ్ చేరండి. తిరుగు ప్రయాణానికి లేహ్ నుంచి ఢిల్లీకి విమానం టికెట్ ఇప్పుడే తీసుకోండి, ఆఖరి రోజుల్లో ఆ ధరలు అందవు. మొదట్లో సిమ్లాలోనో మనాలిలోనో రెండు రోజులు ఇరుక్కుపోతే లేహ్‌లో ఉండే రోజులు తగ్గుతాయి, అంతే. తిరుగు టికెట్ చెడదు. అదే యాత్ర చివర మనాలిలో ఇరుక్కుంటే టికెట్టూ పోతుంది, జీతమూ పోతుంది. క్రమంగా ఎత్తుకు వెళ్లడం వల్ల 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు శరీరం అలవాటు పడుతుందన్న లాభం ఎలాగూ ఉంది. మెక్లియోడ్‌గంజ్‌ను వదిలేయండి. వాన చూడాలన్న మీ ముచ్చటకు సిమ్లా చాలు.

శనివారం బయలుదేరితే 15 సెలవులతో 23 రోజులు వస్తాయి. 19 రోజులకే ఊళ్లు వేసుకుని నాలుగు రోజులు ఖాళీగా ఉంచండి. ఖర్చుకు ₹69,000, ప్రయాణాలకు ₹45,000, మొత్తం ₹1,14,000. దానిపైన ₹26,000 అడ్డంకుల కోసం పక్కన పెట్టండి: దారి తెగినచోట రెండు వాహనాలు మారడం, అదనపు రాత్రులు, తప్పనిసరైతే రెండు రోజుల జీతం కోత అందులోంచే. ఈ ₹1,40,000లో ₹40,000 ఇన్సెంటివ్ నుంచి వస్తుంది. మిగతా ₹1,00,000 నాలుగు నెలల్లో నెలకు ₹25,000 చొప్పున కూడబెట్టాలి. మీరు రాసిన ప్రకారం నెలకు ₹34,000 మిగలాలి, కానీ డిపాజిట్ తప్ప వేరే పొదుపేదీ మీరు చెప్పలేదు కాబట్టి ఆ మిగులు ఎటో జారిపోతోందని అనుకుంటున్నాను. జీతం పడిన మర్నాడే ₹25,000 వేరే సేవింగ్స్ ఖాతాకు దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. ఇంత తక్కువ గడువుకు రికరింగ్ డిపాజిట్ చాలా బ్యాంకుల్లో కుదరదు. సిప్‌లు ఆపకండి.

గదులకు ముందుగానే మొత్తం కట్టేయవద్దు, తిరిగి ఇవ్వని చౌక బుకింగులు ఈ కాలంలో అసలు వద్దు. సిమ్లాలో మొదటి రెండు రాత్రులకు, సీజన్ కాబట్టి లేహ్‌లో రద్దుకు వీలున్న పద్ధతిలో బుక్ చేసుకోండి, చాలు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు. సిమ్ పనిచేయకపోతే వైఫై లేనిచోట యూపీఐ నడవదు, ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు ఫోనుకు ఓటీపీ సందేశం కూడా రాదు. ఇద్దరిలో ఒకరైనా ఇప్పుడే పోస్ట్‌పెయిడ్‌కు మారండి. మనాలి దాటేముందు ₹20,000 నగదు తీసుకుని ఇద్దరి దగ్గరా సగం సగం ఉంచుకోండి.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, రోడ్డు మూసుకుపోతే పరిహారం ఉందా. ఆలస్యానికి పరిహారమని రాసి ఉన్నా అది విమానాలకే పరిమితమయ్యే పాలసీలు చాలా ఉన్నాయి. మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉన్నట్టయితే టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచండి. మినహాయింపు ప్రయాణ ఛార్జీలకే, గదులకూ భోజనానికీ రాదు. కొత్త విధానంలో ఉంటే ఇది మరిచిపోండి.

మీరు లేని ఆ మూడు వారాలకు మీ అత్తగారి దగ్గర ఎవరుంటారో మీరు రాయలేదు. ఆమె ఆరోగ్య బీమా కార్డు, ఆస్పత్రి పేరు, ₹30,000 నగదు దగ్గరి బంధువు ఒకరి చేతిలో పెట్టి వెళ్లండి. ఆ సొమ్ము డిపాజిట్‌లోంచి తీసినా అభ్యంతరం లేదు, ఖర్చు కాకపోతే తిరిగి వచ్చిన వారంలోనే మళ్లీ అందులో వేయండి.