ఐదేండ్ల తర్వాత మళ్లీ లారీ ఎక్కబోతున్న నీకు

హనుమకొండ

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. 2019లో గల్ఫ్‌కు పోయి మూడేండ్లు భవన నిర్మాణ పనిలో ఉన్నావు. తిరిగి వచ్చాక మీ అమ్మ జబ్బు వల్ల రెండేండ్లకు పైగా ఇల్లు కదలలేకపోయావు. ఇప్పుడు లారీ ఎక్కుదామంటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో "ఇన్నేండ్లు ఏం చేసినవ్?" అని అడిగినప్పుడు నోట మాట రావడం లేదని రాశావు. ఆ ప్రశ్నకు నీ దగ్గర మంచి జవాబే ఉంది. దాన్ని దాచితేనే అది తప్పులా కనబడుతుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. కాలు విరిగి నేను పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. నయమయ్యాక కొత్త యజమాని దగ్గరికి పోయి, ఒక్క రోజు కూడా ఆగకుండా బండి నడుపుతున్నానని చెప్పాను. ఆయన మారుమాట అనలేదు. బియ్యం మిల్లు ముందు లోడుతో నిలబడి ఉన్న పది టైర్ల లారీని చూపించి, వెనక్కి తీసి హమాలీల అరుగుకు ఆనించమన్నాడు. ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసిన పని అది. ఆ రోజు నాలుగుసార్లు ముందుకు, వెనక్కి తీసినా అరుగుకు, బండికి మధ్య జానెడు సందు మిగిలింది. క్లచ్ మీద కాలు వణుకుతుంటే హమాలీలందరూ బస్తాలు దించి నన్నే చూశారు. "ఇది నిన్నటిదాకా బండి నడిపిన చెయ్యి కాదు" అన్నాడాయన. అప్పుడు నిజం చెప్పుకున్నాను. ఆయన నన్ను పంపించెయ్యలేదు, ఆరు నెలలు రెండో డ్రైవరుగా పెట్టుకున్నాడు, అదీ రోజువారీ బత్తాలో సగానికే. మొదటే నిజం చెప్పి ఉంటే ఆ సగం బత్తా కూడా పోయేది కాదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందువల్ల, అడగక ముందే నువ్వే చెప్పు. "వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి డీసీఎం వ్యాను నడిపిన, తర్వాత గల్ఫ్‌కు పోయిన, వచ్చినాక అమ్మకు బాగలేక ఇంటి దగ్గరనే ఉన్న, ఇప్పుడు ఆమె కోలుకుంది" అంటే చాలు. అంతకు మించి సంజాయిషీ ఇయ్యవద్దు. ఎక్కువ మాట్లాడితే ఎదుటివాడికి అనుమానం కలుగుతుంది. అయితే ఆ నాలుగు మాటలకు కాగితం ఉండాలి. పాస్‌పోర్టులో పోయిన తేదీ, వచ్చిన తేదీ ముద్రలు, అక్కడి పని కార్డు, మీ అమ్మ ఆస్పత్రి కాగితాలు, పాత డీసీఎం యజమాని చేత నువ్వు ఎంతకాలం పనిచేశావో రాయించిన చిన్న లేఖ ఒక ఫైలులో పెట్టుకో. యజమాని తన ఇల్లు తాకట్టు పెట్టి కొన్న బండిని నీ చేతికి ఇస్తున్నాడు కాబట్టి, నువ్వు జైలులో ఉన్నావా, ప్రమాదం చేసి తప్పించుకు తిరుగుతున్నావా అన్నదే ఆయన భయం. పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకుంటే ఆ భయం సగం పోతుంది.

అన్నిటికంటే ముందు లైసెన్సు చూసుకో. నీ లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు 2016లో తీసుకున్నది కాబట్టి ఇంకా చెల్లుతుంది. 2018లో వచ్చిన ట్రాన్స్‌పోర్టు లైసెన్సు మాత్రం అప్పటి లెక్కన మూడేండ్లకే కాబట్టి, నువ్వు గల్ఫ్‌లో ఉన్నప్పుడే గడువు తీరింది. 2019 సెప్టెంబరులో అమలుకు వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ తర్వాత ఆ గడువు ఐదేండ్లు అయింది గానీ, గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వవలసిందే, డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలి. గడువు తీరాక ఇదివరకు దొరికిన నెల రోజుల వెసులుబాటు కూడా ఇప్పుడు లేదు. ఎవరో ఏజెంటు డబ్బులు తీసుకుని పరీక్ష లేకుండా చేయిస్తానంటే వినకు. చెల్లని లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ నష్టాన్ని యజమాని నెత్తినే వేస్తుంది, నీ పేరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో మళ్లీ వినపడదు.

పరీక్ష పూర్తయ్యే దాకా ఖాళీగా కూర్చోకు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చని తేల్చింది. ఆ హద్దులోకి వచ్చే చిన్న డీసీఎం ఏదైనా దొరికితే పట్టుకో. అన్ని డీసీఎంలూ ఆ లెక్కలోకి రావు కాబట్టి ఎక్కే ముందు ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో, మొత్తం బరువు చదువుకో. మిర్చి సీజనులో ఎనుమాముల చుట్టూ పని దొరకకపోదు. ఇప్పుడు చేసిన రెండు నెలలు, ఐదేండ్ల కిందటి రెండేండ్ల కంటే ఎక్కువ లెక్కకు వస్తాయి.

ఆ తర్వాత పది టైర్ల లారీ మీద రెండో డ్రైవరుగా చేరు. అది చిన్నతనం అనుకోకు. గల్ఫ్‌లో కుడి పక్క నడిచే బండ్ల మధ్య తిరిగిన కంటికి మన రోడ్డు మళ్లీ అలవాటు కావాలి. పొద్దున బండి స్టార్ట్ చేయగానే కదిలించకు. గేజిలో గాలి పూర్తిగా ఎక్కిందా చూడు, గాలి లేని ఎయిర్ బ్రేకు బండిని ఆపదు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాటు వంటి దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లను చూస్తావు, వాళ్లను అనుసరించకు. ఎక్కిన గేరులోనే దిగాలి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్ల జోలికి ఇప్పుడే పోకు, వాటికి వేరే శిక్షణ, లైసెన్సు మీద వేరే నమోదు కావాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. చేరిన రోజే యాభై వేలు అడ్వాన్సు ఇస్తానన్న యజమాని దగ్గర చేరకు. ఖాళీగా ఉన్నవాడికి డబ్బు అవసరమని తెలిసే ఇస్తారు. ఆ బాకీ తీరేదాకా నిద్ర లేకుండా నడపమన్నా కాదనలేవు. చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంటుంది, కానీ బాకీ ఉన్నవాడు ఆ మాట పైకి అనలేడు.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ ఫైలు తీసుకుని రా. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీ దగ్గర మరమ్మతు అయిన ఖాళీ లారీ ఒకటి ఉంది, ప్రహరీ లోపలే నడుపుకోవడానికి యజమానిని అడిగి ఒప్పించాను. గోడకు ఆనించి వెనక్కి తీయడం మొదలుపెడదాం. నేను వెనుక నిలబడి చెయ్యి ఊపుతాను.

ఇట్లు,
నీ పెద్దబాపు