రాసి ఇచ్చిన సహాయం తరగతి గదిలో అందడం లేదు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఆటిజం ఉంది. బడి తెరిచిన మొదటి వారంలోనే టీచర్లతో కూర్చుని వాడికోసం వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసుకున్నాం. రోజూ రెండు గంటలు ఒక సహాయకురాలు, ఆ రోజు పాఠాల వరస చూపే బొమ్మల పట్టీ, గోల ఎక్కువైనప్పుడు కాసేపు బయట కూర్చునే వీలు కల్పిస్తామని సంతకాలు చేసి ఇచ్చారు. నాలుగు నెలలైంది. సహాయకురాలిని చిన్న తరగతికి పంపేశారు. అడిగితే ‘చూస్తాం’ అంటున్నారు. పైగా వారానికి రెండుసార్లు ఫోను చేసి బాబును ఇంటికి తీసుకెళ్లమంటున్నారు. గట్టిగా అడిగితే ఆ కోపం వాడి మీద చూపిస్తారేమోనని భయంగా ఉంది.
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ ఫోన్ల సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. సహాయకురాలు లేని ఇబ్బందిని బాబు బడి గంటలు తగ్గించి సర్దుకుంటున్నారు. ఇది అలవాటైతే వదిలించుకోవడం కష్టం. ఈ రోజు నుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఫోను వచ్చిన తేదీ, సమయం, ఎవరు చేశారు, ఏ కారణం చెప్పారు, అప్పుడు ఏ పాఠం జరుగుతోంది అన్నవి రాయండి. నెల తిరిగేసరికి వాడు ఎన్ని గంటల చదువు పోగొట్టుకున్నాడో లెక్క తేలుతుంది. ‘చూస్తాం’ అన్నవాళ్ల ముందు ఆ లెక్క పెట్టవచ్చు.

ఇక ప్రణాళిక. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడ్పడే రిసోర్స్ టీచరుగా ఇరవై రెండేళ్లు ఇలాంటివి ఎన్నో రాశాను. ఒక పాప ప్రణాళికలో ‘అవసరాన్ని బట్టి సహాయం’ అని రాసి సంతకం పెట్టాను. కొన్ని నెలల తరువాత ఆ తరగతికి వెళితే బొమ్మల పట్టీ బీరువా వెనక పడి ఉంది. దుమ్ము దులిపి చూశాను. ‘ఇప్పుడు’ అని చూపే ఎర్ర బాణం మొదటి పాఠం దగ్గరే ఉంది. ఆ టీచరు మంచి మనిషి. బాణాన్ని ఎవరు జరపాలో కాగితంలో లేదు. అది రాయవలసింది నేను. ఆ ఎర్ర బాణం ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంది.

అందుకే మీ కాగితాన్ని మళ్లీ తీసి చదవండి. ‘రోజూ రెండు గంటలు’ అన్నచోట ఏయే పాఠాల్లో, ఎవరు, ఆ మనిషి సెలవు పెడితే బదులు ఎవరు అని ఉందా? లేకపోతే అవి చేర్చమని అడగాలి. రెండు గంటలూ పక్కనే అంటిపెట్టుకుని కూర్చోమని మాత్రం అడగవద్దు. అమెరికాలో విద్యా పరిశోధకుడు మైకేల్ జియాంగ్రెకో, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన పరిశీలనలో, సహాయకులు ఎప్పుడూ పక్కనే ఉంటే పిల్లలు తోటివారికి దూరమవుతున్నారనీ, టీచరు ఆ పిల్లల బాధ్యతను సహాయకులకే వదిలేస్తున్నారనీ తేలింది. నేనూ అదే చూశాను. ఒక పాఠం ముగిసి మరొకటి మొదలయ్యేటప్పుడు, రాతపని చేసేటప్పుడు తోడు ఎక్కువ అవసరం. మిగతా సమయంలో టీచరే వాడితో మాట్లాడాలి.

మీ భయం అర్థం లేనిదని నేను అనను. కానీ వరండాలో నిలబడి వాదించినదానికంటే, తేదీలతో రాసిన ఒక పేజీ ఉత్తరం ఎవరినీ నొప్పించకుండా పని చేయిస్తుంది. ముందు తరగతి టీచరుతో విడిగా మాట్లాడండి. సహాయకురాలు వెళ్లిపోవడంతో ఆమెకూ రెండు చేతులు తగ్గాయి; బహుశా ఆమే మీకంటే ముందు అడిగి ఉంటుంది. తరువాత ప్రధానోపాధ్యాయులకు రాయండి. సహాయం ఏ తేదీన ఆగిందో, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ప్రణాళిక నకలు జతచేయండి. సమావేశం జరిగితే ఆ సాయంత్రమే అక్కడ అనుకున్నవి రాసి అందరికీ పంపండి. గడువు దాటితే అదే ఉత్తరం, అదే నోటుపుస్తకం పై అధికారుల దగ్గరికి వెళ్లాలి.

దయ చూపమని అడుగుతున్నట్టు రాయవద్దు. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం, అందరితో కలిసి చదువుకునే బడిలోనే అవసరమైన తోడ్పాటు ఇవ్వాలంటోంది. తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని 2వ అధికరణం చెబుతోంది. ఒప్పందంలో చేరిన ప్రభుత్వాలకు ఇది బాధ్యత.

ఒక్క మనిషిని ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు. మీ ఉత్తరంలో బాబు మాట ఎక్కడా కనిపించలేదు. పాఠాల బొమ్మలు చిన్న చీటీల మీద గీసి వాడి ముందు పరవండి. కష్టంగా ఉన్నవి ఒక పక్క, బాగున్నవి మరో పక్క పెట్టమనండి. రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ చేయండి. మొదటిసారి ఊరికే ఆడుకున్నా విసుక్కోవద్దు. ఆ రెండు గంటలు ఏ పాఠాలకు కేటాయించాలో వాడు పెట్టిన వరసలో తెలుస్తుంది. ఆ చీటీలను అదే వరసలో ఒక అట్టకు అంటించి సమావేశానికి తీసుకువెళ్లండి.