రాజకీయం లేని సైన్స్ ఫిక్షన్ ఎక్కడుంది?

ప్రశ్న: మేడమ్, పగలంతా వార్తల గోలే. రాత్రి ఓ గంట స్పేస్‌షిప్పులూ గ్రహాంతరవాసులూ చూసి హాయిగా పడుకుందామంటే ఇప్పుడు వాటిలోనూ రాజకీయాలే. పాత సిరీస్‌లలో ఈ బెడద లేదు కదా?

జవాబు: ఎందుకు లేదండీ, మొదటి నుంచీ ఉంది. 1955లో అమెరికాలోని మిసిసిపిలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి తెల్లవాళ్లు చంపేశారు. హంతకులకు శిక్ష పడలేదు. రాడ్ సెర్లింగ్ అనే రచయిత కడుపు మండి, ఆ ఘోరం మీద టీవీ నాటకం రాశాడు. దక్షిణాది ప్రేక్షకులు నొచ్చుకుంటారని స్పాన్సర్లకు భయం. కథను ఉత్తరాదికి మార్పించారు, చనిపోయినవాణ్ణి ఎవరో విదేశీయుణ్ణి చేయించారు. దక్షిణాదిని గుర్తుచేస్తాయని ఆఖరికి కోకాకోలా సీసాలు కూడా సెట్‌లోంచి తీయించారు! ఆ దెబ్బ తిన్నవాడే 1959లో ట్వైలైట్ జోన్ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదలుపెట్టాడు. మనుషుల మీద చెబితే కత్తెర పడే కథ, గ్రహాంతరవాసుల మీద చెబితే నిక్షేపంగా ప్రసారమైంది.

అందులో 1960లో వచ్చిన మేపుల్ స్ట్రీట్ ఎపిసోడ్ ఒక్కటి చూడండి. ఒక వీధిలో ఉన్నట్టుండి కరెంటు పోతుంది, ఫోన్లు పలకవు, కార్లు కదలవు. మనలోనే మనిషి వేషంలో గ్రహాంతరవాసి ఉన్నాడని ఒక పిల్లవాడు అంటాడు. అంతే. నిద్రపట్టక రాత్రిళ్లు ఆకాశం చూసే పెద్దమనిషి మీద అందరి కళ్లూ పడతాయి. తర్వాత, ఇంట్లో రేడియో తయారు చేసుకుంటున్న ఇంకొకాయన మీద. చీకట్లో నడిచొస్తున్న పొరుగువాణ్ణే ఒకడు కాల్చి చంపుతాడు. ఫార్వర్డ్ మెసేజ్ నమ్మి దారినపోయేవాణ్ణి చావగొట్టే గుంపులున్న ఈ రోజుల్లో దాన్ని పాత కథ అనగలమా? ఆనాటి గొడవల వేడి మనకు తగలదు కాబట్టి పాతవాటిలో రాజకీయం లేదనిపిస్తుంది, అంతే.

ప్రశ్న: స్టార్ ట్రెక్ అనే పాత టీవీ సిరీస్‌లో అంతరిక్ష ఓడ నడిపే సులు వేషం వేసిన జార్జ్ టకేయ్ అస్తమానం వలస విధానాల మీద ప్రభుత్వాన్ని తిడుతుంటారు. నటులు నటించుకుంటే చాలదా? మైకు దొరికింది కదా అని ప్రతి విషయంలో తలదూర్చడం ఎందుకు?

జవాబు: మైకు దొరికింది కదా అని మాట్లాడేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మీరు ఎంచుకున్న మనిషి అలాంటివాడు కాదు. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. దాంతో జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి లేపి కాపలా శిబిరాల్లో పెట్టారు. మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. అందులో అయిదేళ్ల టకేయ్ ఒకడు. లాస్ ఏంజెలెస్‌లోని వాళ్లింటికి తుపాకులతో సైనికులొచ్చారు. ముందు గుర్రప్పందాల మైదానంలో, గుర్రాలను కట్టే గదిలో ఉంచారు. తర్వాత ఆర్కాన్సాలోని శిబిరం. అక్కడి బడిలో రోజూ ‘అందరికీ స్వేచ్ఛ, న్యాయం’ అంటూ జెండాకు ప్రమాణం చేసేవాళ్లమని, కిటికీలోంచి చూస్తే ముళ్లకంచె, కాపలా బురుజు కనిపించేవని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. తప్పు జరిగిందని అమెరికా ప్రభుత్వం 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది.

2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం వెనిజులా వాళ్లను పంపేయడానికి 1798 నాటి విదేశీ శత్రువుల చట్టాన్ని బయటికి తీసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పౌరుల మీద వాడిందీ ఆ చట్టాన్నే. అది చూసి టకేయ్ నోరు మూసుకుని కూర్చోవాలా? ఇలాంటి వాటిని అనుభవించి, వాటి గురించి చెప్పడానికి ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు ఎంతమందండీ? సినిమా తార అభిప్రాయం వినేముందు నేను ఒక్కటే చూస్తాను: ఈ మనిషికి ఆ విషయం సొంతంగా తెలుసా? టకేయ్‌కి తెలుసు.

ప్రశ్న: స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్, అదే విలియం షాట్నర్, కుబేరుడి రాకెట్టెక్కి అంతరిక్షానికి వెళ్లొచ్చాడు. పబ్లిసిటీ స్టంటే కదా?

జవాబు: 2021లో ఆ రాకెట్టు కంపెనీకి అది పబ్లిసిటీయే. కానీ తొంభై ఏళ్ల ఆ మనిషి దిగొచ్చాక ఏడ్చాడు. పైన నల్లటి శూన్యంలో తనకు మృత్యువు కనిపించిందని, భూమికి మనం చేస్తున్న హాని తలుచుకుని దుఃఖం ముంచుకొచ్చిందని తర్వాత చెప్పాడు. అది స్టంటంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఇంతకీ ఈ సిరీస్‌ల వల్ల లోకంలో ఏమైనా మారిందా అక్కా?

జవాబు: మారిందమ్మా. స్టార్ ట్రెక్‌లో ఉహురాగా నటించిన నిషెల్ నికల్స్ మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకున్నారు. ఒక సభలో కలిసిన మార్టిన్ లూథర్ కింగ్ మానొద్దన్నారు. నల్లజాతి స్త్రీ సేవకురాలిగా కాకుండా, ఓడలో అధికారిగా ప్రతి వారం కనిపించడం ఎంత ముఖ్యమో చెప్పి ఆపారు. 1977లో ఆవిడే నాసా తరఫున ఊరూరా తిరిగి, మహిళల్నీ నల్లజాతివాళ్లనీ వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని అడిగారు. ఉహురాను చూస్తూ పెరిగిన మే జెమిసన్ అనే నల్లజాతి మహిళ 1992లో అంతరిక్షానికి వెళ్లారు. ఒక నటి ఉద్యోగం వదలకపోవడం వల్ల ఇంత జరిగింది. నాకైతే ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: మీరు స్టార్ వార్స్ సిరీస్ ఆండోర్‌ని అంతగా మెచ్చుకుంటారు. నియంతల్ని ఎదిరించమని చెప్పే ఆ సిరీస్‌ని డబ్బు పెట్టి తీసింది డిస్నీ. అదే డిస్నీ 2025 సెప్టెంబరులో, షోలో అన్న ఒక మాటకు ప్రభుత్వ అధికారి కన్నెర్ర చేయగానే టీవీ కమెడియన్ జిమ్మీ కిమ్మెల్ షో ఆపేసింది. దీనికేమంటారు?

జవాబు: సిగ్గుచేటంటాను. ఆండోర్ రెండో సీజన్ మొదట్లోనే ఒక రహస్య సమావేశం ఉంది. ఘోర్మన్ అనే గ్రహం అడుగున ఉన్న ఖనిజం కథలోని నియంతల సామ్రాజ్యానికి కావాలి. ఆ గ్రహం పేరు చెబితే అప్పటిదాకా జనానికి గుర్తొచ్చేది సాలీళ్లూ, వాటి పట్టుతో నేసే బట్టలూ. ఘోర్మన్ జనం పొగరుబోతులని వార్తల్లో ఎలా ప్రచారం చేయాలో ప్రచార శాఖ వాళ్లు చక్కగా వివరిస్తారు. ప్రాణాలు తీసే ముందు పేరు చెడగొట్టాలన్నమాట. ఇంత స్పష్టంగా చూపించిన సంస్థ, కమ్యూనికేషన్ల కమిషన్ అధ్యక్షుడు బెదిరించిన రోజే తన కమెడియన్‌ని తెర మీద నుంచి తప్పించింది. కిమ్మెల్ అన్న మాట నచ్చకపోతే విమర్శించవచ్చు, చానల్ మార్చేయవచ్చు. లైసెన్సులిచ్చే అధికారి బెదిరించడం వేరే సంగతి. డిస్నీకే పనిచేసిన నటి టటియానా మస్లానీ ఆ కంపెనీ చందాలు రద్దు చేసుకోమని బాహాటంగా పిలుపునిచ్చింది. రేపు వేషాలు రావేమోనని జంకలేదు. వారం తిరక్కుండానే షో తిరిగొచ్చింది. జనం అడిగితే కంపెనీలు వింటాయి, అందుకే అడగాలి.

ప్రశ్న: ఆండోర్ మొదటి ఎపిసోడ్ నత్తనడక. అయినా చూడాలా?

జవాబు: చూడండి. మొదటి మూడూ కలిపి ఒక సినిమాలా ఒకే రాత్రి చూసేయండి. కథ ఊపందుకునేది మూడోదాంట్లోనే. రెండో సీజన్‌లో మూడేసి ఎపిసోడ్లకు కథలో ఒక ఏడాది గడుస్తుంది, కాబట్టి దాన్నీ మూడేసి చొప్పునే చూడండి. ఎనిమిదీ తొమ్మిదీ మాత్రం విడదీయకండి: ఎనిమిదిలో ఘోర్మన్ ఊచకోత, తొమ్మిదిలో మాన్ మాత్మా అనే సెనేటర్ నిండు సెనేట్‌లో దాన్ని జాతి నిర్మూలన అని పేరుపెట్టి పిలవడం. మధ్యలో ఫోన్ చూడకుండా చూడాల్సింది ఆ ప్రసంగం.