మామిడితోటలో ఫామ్ స్టే: అప్పు కంటే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మాకు పాకాల దగ్గర ఆరు ఎకరాల మామిడితోట, ఎకరం చెరకు, కొట్టంలో నాలుగు ఆవులు ఉన్నాయి. తోటలో ఎక్కువ భాగం తోతాపురి కావడంతో, కోత సమయంలో గుజ్జు ఫ్యాక్టరీలు చెప్పిన ధరకే కాయ తోలవలసి వస్తున్నది. తిరుమలకు ఇంతమంది వస్తున్నారు కాబట్టి తోటలో ఎనిమిది గదులు కట్టి ఫామ్ స్టే నడుపుదామని మా అబ్బాయి అంటున్నాడు. దీనికి బ్యాంకు అప్పు తీసుకోవచ్చునా?
– ఒక రైతు, పాకాల

జవాబు: ఆలోచన మంచిదే, కానీ ఎనిమిది గదులకు ఇప్పుడే అప్పు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఉన్న ఇంట్లోనే రెండు గదులను, స్నానాల గదులతో సహా బాగుచేసి ఒక ఏడాది నడిపి చూడండి. ఆ ఏడాది జమాఖర్చుల పుస్తకం చేతిలో ఉంటే, అప్పు అవసరమో కాదో మీకే తెలుస్తుంది. బ్యాంకు కూడా మీ మాట వింటుంది.

తిరుమల యాత్రికులను నమ్ముకుని లెక్క వేయడంలోనే అసలు చిక్కు ఉంది. దర్శనానికి వచ్చేవారు అర్ధరాత్రి దిగి, తెల్లవారకముందే బయలుదేరతారు; వారికి కావలసింది కొండకు దగ్గరలో పడక, వేడినీళ్లు. ఆ పనిలో తిరుపతి లాడ్జీలతో మీరు పోటీ పడలేరు. మీ తోట కోసం వచ్చేవారు వేరు. చెన్నై, బెంగళూరుల నుంచి పిల్లలతో వచ్చి, రెండు రాత్రులుండి, పొద్దున్నే పాలు పితకడం చూడాలనుకునే కుటుంబాలవి. వారికి మీ సేద్యమే ఆకర్షణ. గదుల కోసం చెట్లు కొట్టేసి సేద్యాన్ని తగ్గించుకుంటే వారు రావడానికి కారణమే ఉండదు.

అందుకని ముందుగా మీ తోటకు ఒక పంచాంగం రాసుకోండి. మామిడి కోత మే నుంచి జూలై వరకు. చలికాలంలో చెరకు నరికి, దగ్గరలో బెల్లం వండే చోటు ఉంటే అతిథులను అక్కడికి తీసుకెళ్లవచ్చు. పెనంలో రసం పొంగుతుండగా మడ్డి తీయడం, పాకాన్ని చన్నీళ్లలో వేసి ఉండ కడుతున్నదో లేదో వేళ్లతో చూడడం పట్నం పిల్లలు కదలకుండా నిలబడి చూస్తారు. అయితే మరిగే పెనానికి దూరంగా అడ్డుకర్ర కట్టిన తర్వాతే వారిని రానివ్వాలి. మామిడి విషయానికి వస్తే, అతిథి అడిగేది తోతాపురి కాదు, బేనీషా (బంగినపల్లి). తోటలో బేనీషా, ఇమామ్ పసంద్ చెట్లు కొన్ని ఉన్నా, ఆ కాయను మండీకి పంపకుండా అతిథుల కోసం గడ్డిలో మాగబెట్టండి. కార్బైడ్ వాడకం చట్టరీత్యా నిషిద్ధమని మీకు తెలిసే ఉంటుంది.

పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజుల్లో, ఆ తర్వాత డబ్బా మీద రాసిన గడువు తీరేవరకు అతిథులను తీసుకోకండి. ఆదాయం పోతుందని ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు. గట్టు లేని నేలబావి ఉంటే గది సున్నం కంటే ముందు దానికి పిట్టగోడ కట్టించండి. రాత్రి దారిలో దీపాలు, పాముకాటుకు మందు ఉన్న ఆసుపత్రి పేరు, 108 నంబరు గది తలుపు మీద ఉండాలి. మరుగుదొడ్డి గుంత బోరుకు దూరంగా, పల్లం వైపు తవ్వించండి. ఏనుగులు తోటల్లోకి దిగే ప్రాంతమైతే చీకటి పడ్డాక అతిథులను బయట తిరగనివ్వకండి.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి నేను అడగాలి. ఆరుగురికి రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి చేసి, పాత్రలు తోమి, పక్కలు మార్చేది ఎవరు? మీ ఇంటి ఆడవారైతే, పాలు, పేడకళ్ల పనికి తోడు ఇదీ వారి నెత్తిన పడుతుంది. ముందు వారి మాట వినండి. వారి శ్రమకు కూలి కట్టి, ఖర్చులో రాసిన తర్వాతే లాభం లెక్క చూడండి. చాలా ఇళ్లలో ఈ పద్దు రాయకపోవడం వల్లే లాభం ఉన్నట్టు కనిపిస్తుంది.

కాగితాల సంగతి: కొత్తగా ఏది కట్టాలన్నా ముందు పంచాయతీలోను, మండల రెవెన్యూ కార్యాలయంలోను అడగండి, భూమి డీకేటీ పట్టా (ప్రభుత్వం సాగుకు కేటాయించి ఇచ్చిన భూమి) అయితే అడగకుండా ఒక్క ఇటుక కూడా పెట్టవద్దు. భోజనం పెడతారు కాబట్టి ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. సేద్యపు ఆదాయానికి ఆదాయపు పన్ను లేకపోయినా, గది అద్దె సేద్యపు ఆదాయం కిందికి రాదు. రెండు లెక్కలూ వేర్వేరుగా రాసుకోండి.

ప్రశ్న: మా తోటలో రెండు గదులు అద్దెకు ఇస్తున్నాము. విదేశీయులు వస్తే ఏం చేయాలి? అతిథులు మద్యం అడిగితే?
– ఒక గృహిణి, చంద్రగిరి

జవాబు: విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోగా వారి వివరాలను ఆన్‌లైన్‌లో పంపాలి, అందుకు ముందే నమోదు చేసుకుని ఉండాలి. మన దేశస్థులైనా సరే గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. మద్యం లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. అతిథులే తెచ్చుకుంటామంటే ఒప్పుకోవాలో లేదో మీ ఇష్టం, కానీ ఆ సంగతి గది ఖాయం చేసేటప్పుడే చెప్పండి. సామాన్లు దించాక చెబితే గొడవవుతుంది.