రంగు వెయ్యకముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి చేత్తో సైకిలు ఫ్రేములు కడతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. మూర్ఖుడా, సెలవు పెట్టి నేర్చుకోలేకపోయావా! ఆ రాత్రి మాత్రం నేను నా సైకిలు షాపు తాళం తీసి, చీకట్లో కాసేపు కూర్చున్నాను.

కళ్ళకి అద్దాలు పెట్టుకో. జింకు పూత గొట్టం మీద మంట పెట్టకు, ఆ పొగకి రాత్రికల్లా చలిజ్వరం. రాజోలులో ఉప్పుగాలి ఎలాంటిదో తెలుసుగా, ఫ్రేము లోపల నూనె పోసి తిప్పు. రెనాల్డ్స్ 531 ఉక్కు గొట్టం అంటున్నావట, 1935 నాటి సరుకు. దాని చివర్లు మందంగా, నడుమ పలచగా ఉండేది ఊరికే కాదు, మంటకి బలం తగ్గేది అతుకు దగ్గరే. కొలవకుండా చివర్లు కొయ్యకు.

ఇక అసలు సంగతి. బొండాలమ్మే ఒకతని సైకిలుకి ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కాడ అడుగున అతుకు వదిలేసింది. తెల్లారేసరికి కావాలన్నాడు. కాడ లోపలికి దిగే చోటంతా ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, వెలిగారం రాసి, రెండు ముక్కల్నీ సమంగా ఎర్రబెడితే అతుక్కి వాడే ఇత్తడి కరిగి తనంతట తనే సందులోకి జారుతుంది. దానికి 900 డిగ్రీల దాకా కావాలి. నేను కనపడే మేర గీకి, మంట పైపైన తిప్పాను. ఇత్తడి చుట్టూ ఉంగరంలా నిలిచింది. ఆకురాయి పట్టి నల్లరంగు వేస్తే కొత్తదానిలా ఉంది. అతను మురిసిపోయి రెండు బొండాలు కొట్టిచ్చాడు. తాగాను కూడా.

మూడోరోజు కాలవగట్టు దిగుతుంటే కాడ ఊడొచ్చింది. ముందుపళ్ళు రెండు పోయాయి. బొండాలు కాలవలో తేలిపోతుంటే జనం ఏరుకున్నారట. ఆ ముక్క తెచ్చి నా బల్లమీద పెట్టాడు. లోపలంతా తుప్పు, మసి. ఇత్తడి గోరంతైనా దిగలేదు. తిట్టలేదు, డబ్బూ అడగలేదు. ఎదురుపడితే ఇప్పటికీ నవ్వుతాడు, నేనే తల తిప్పుకుంటాను.

అందుకని మొదటి పది అతుకులూ అమ్మడానికి కాదు. రంపంతో నిలువునా కోసి చూడు. వెండి కలిపిన అతుకు తీగ అయితే 650 డిగ్రీల దగ్గరే పారుతుంది, నీ చేతికి అదే నయం. ఖరీదని వెనకాడకు, మీ అత్తకి తెలియకుండా కొంత పంపుతాను.

సంక్రాంతికి సైకిలు తేకపోయినా పర్లేదు, కోసిన ముక్కలు పట్టుకురా. ఈలోగా కళ్ళజోడు మార్పించుకుంటాను.

మీ మావయ్య