ఎరుపు తగ్గిందని స్టెరాయిడ్ చుక్కలు ఆపేస్తే మళ్లీ ఎందుకొచ్చింది?

రాజాం తమ్ముడూ, నాన్నగారికి యువియైటిస్‌కి (కంటి లోపలి పొర వాపు) ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1% అనే స్టెరాయిడ్ చుక్కలు రాస్తే, ఐదో రోజుకి ఎరుపు పోయిందని ఆపేశారు, ఇప్పుడు మళ్లీ ఎర్రబడిందన్నావు. పైకి తెల్లబడినా లోపలి వాపు అలాగే ఉండొచ్చు, అది డాక్టరు కన్ను పెద్దదిగా చూసే స్లిట్ ల్యాంప్‌ యంత్రంలోనే తెలుస్తుంది. అందుకే ఈ మందు ఒక్కసారిగా ఆపరు, వారాల తరబడి మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. మిగిలిన సీసాతో మళ్లీ మొదలెట్టొద్దు. ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేసి, ఎప్పుడు ఆపారో చెప్పి, చూపించండి.

డాక్టరు మళ్లీ వెయ్యమంటే, వేసేటప్పుడు సీసా బాగా కుదపాలి. మందు అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే మొదట్లో పడేది నీళ్లే! కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు, మూతి కంటికి తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి అంతగా దిగదు. వేరే చుక్కలుంటే ఐదు నిమిషాలు ఆగాలి. తెరిచిన సీసా నెల దాటితే పారెయ్యండి.

పది రోజులు దాటి వాడితే కంటి ప్రెషర్ చూపించాలి. అది పెరిగినా చాలామందికి నొప్పే ఉండదు.

ఇంకోటి. వరి ఆకు గీరుకుని కన్ను ఎర్రబడిందని పక్కింటివాళ్లు అడిగితే ఈ సీసా ఇవ్వొద్దు. ఫంగస్ పుండైతే స్టెరాయిడ్‌తో నల్లగుడ్డు కరిగిపోవచ్చు. మెడికల్ షాపులో అడిగి కొనడమూ అంతే ప్రమాదం. చూపు మసకబారినా, నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి.